తల తిన్నగా పెట్టమన్నది నేనే

కుర్చీ కాళ్ళు నాలుగింటి చుట్టూ నేల మీద సుద్దముక్కతో గుర్తులు గీశాను. కూర్చున్న మనిషి లేచి వెళ్ళి మళ్ళీ వచ్చాక కుర్చీ అంగుళం జరిగినా చాలు, ముఖం మీద నీడ మారిపోతుంది. కాన్వాస్‌ని నిలబెట్టే ఈజిల్ కాళ్ళకీ గుర్తులు పెట్టాను. ఒక కిటికీ తెరిచి, రెండోదానికి నల్లగుడ్డ కట్టాను. వెలుగు ఒకే వైపు నుంచి వస్తేనే ముఖంలో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. రెండు వైపుల నుంచి వస్తే ఒక వెలుగు ఇంకో వెలుగు నీడని మింగేస్తుంది. ఇన్ని ఏర్పాట్లూ చేసుకుని మా అక్క కూతుర్ని పిలిచి కూర్చోబెట్టాను.

ఆ పిల్లకి 22 ఏళ్ళు. నేను పిన్నిని. ఏళ్ళ తరబడి ముఖాలు వేస్తున్నాను గానీ, పుట్టిన రోజు నుంచీ ఎరిగిన ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని ఆయిల్ రంగుల్లో వెయ్యడం ఇదే మొదలు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1932లో తన చెల్లెలు ఇందిరని, ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి వేసిన బొమ్మకి మరుసటి ఏడాది పారిస్ సలోన్ చిత్రప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవయ్యేళ్ళు. సొంత చెల్లెల్ని అలా కొత్త మనిషిని చూసినట్టు ఎలా చూడగలిగిందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. ఎరిగిన ముఖాన్ని మనం చూడం, గుర్తుపడతాం అంతే. గుర్తుపట్టగానే చూడటం ఆగిపోతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసనే అనుకున్నాను.

ఫోటో పెట్టుకుని వెయ్యకూడదని ముందే నిశ్చయించుకున్నాను. కెమెరా ఒంటికన్నుతో ఒక్క క్షణం చూస్తుంది. నీడలో దాగిన ఎరుపుల్నీ ఆకుపచ్చల్నీ చాలాసార్లు ఒకే నల్లటి ముద్ద చేసేస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే రెండు కళ్ళతో గంటల తరబడి చూస్తాం. పిల్ల ఎనిమిది ఆదివారాలు వస్తానంది. చివరికి పదకొండు పట్టాయి.

కాన్వాస్ 24 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగు పెట్టినా అసలు కన్నా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగులో పిసరు అల్ట్రామరీన్ నీలం కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, కాన్వాసంతా పులిమి గుడ్డతో తుడిచేశాను. ఆరాక అది తడిసిన మట్టిగోడలా ఉంది. ఆ మట్టి రంగు మీద వెలుగూ నీడా రెండూ సమంగా లెక్కకి అందుతాయి.

ఇరవై అయిదు నిమిషాలు కూర్చోవడం, అయిదు నిమిషాలు లేచి తిరగడం. ఆ పద్ధతి పెట్టుకున్నాం. పిల్లది మంచి ఓర్పు. తల మాత్రం నిలిచేది కాదు. నేనేదో అంటే చాలు, ముఖం కొద్దిగా ఎడమకి తిరిగి, గడ్డం కిందకి దిగేది. "తల తిన్నగా పెట్టు తల్లీ" అనేదాన్ని. "సారీ పిన్నీ" అని సర్దుకునేది. పది నిమిషాలకి మళ్ళీ అంతే. మొదటి మూడు ఆదివారాల్లో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటానో లెక్కలేదు.

మొదటి బొమ్మకి నాలుగే రంగులు తీసుకున్నాను. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద చిత్రకారులందరూ చెప్పుకునే పాలెట్, అంటే రంగుల జట్టు, అది: తెలుపు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ (సింధూరపు ఎరుపు), ఐవరీ బ్లాక్. వెర్మిలియన్ బదులు నేను కాడ్మియం రెడ్ వాడాను. నీలం లేకుండా ముఖం ఎలా వస్తుందని కొత్తవాళ్ళు అడుగుతారు. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపి, ఆ బూడిదరంగుని నారింజ ఛాయ పక్కన పెట్టి చూడండి, నీలంగా కనిపిస్తుంది. ఏ రంగైనా పక్కనున్న రంగుని బట్టే ఉంటుంది. నుదురు కాస్త పసుపు, బుగ్గలూ ముక్కూ చెవులూ ఉన్న నడిమి పట్టీ ఎరుపు, గడ్డం దగ్గర కాస్త చల్లటి ఛాయ అని స్టూడియోల్లో నేర్పే సూత్రం ఒకటుంది. దాన్ని పట్టుకుని చామనఛాయ ముఖాన్ని పద్ధతిగా కట్టుకుంటూ వచ్చాను. కొలతలు సరిచూశాను. చేతి అద్దంలో తిరగేసి చూశాను. అద్దంలో బొమ్మ కొత్తగా కనిపించి, తప్పులు వాటంతటవే బయటపడతాయి. కన్ను ఒకటి ఎత్తులో ఉంటే దించాను.

మూడో ఆదివారానికి ముఖం పూర్తయింది. మా అక్క వచ్చి చూసి "అచ్చు గుద్దినట్టుందే!" అంది. నాకు తృప్తిగానే ఉంది. పిల్ల మాత్రం లేచి వచ్చి, చేతులు కట్టుకుని కాసేపు చూసి, "పాస్‌పోర్ట్ ఫోటోల్లో ఇలాగే ఉంటాను పిన్నీ" అంది. ఆ పిల్ల మనసులో ఏదీ దాచుకోదు. నొప్పించాలని అన్న మాట కాదు, చూసింది చూసినట్టు చెప్పింది.

ఆ రాత్రి బొమ్మ ఎదురుగా కూర్చున్నాను. ముక్కు తనదే. పైపెదవి మధ్య ఒంపు తనదే. కనుబొమ్మల్లో ఎడమది చివర పలచబడటం కూడా తనదే. అయినా ఎవరో తన ముఖం తొడుక్కుని కూర్చున్నట్టుంది. బ్రష్ గుర్తులు కనపడకూడదని మెత్తటి ఫ్యాన్ బ్రష్‌తో బుగ్గల్ని మరీ నునుపు చేశాను, అందువల్లనేమో అనుకున్నాను. అదీ కొంత నిజమే. కానీ అసలు సంగతి ఇంకోటి.

నాలుగో ఆదివారం విరామంలో పిల్ల కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను ఈజిల్ వెనక నుంచి ఏదో అడిగాను. వినపడలేదు. మళ్ళీ అడిగాను. అప్పుడు తిరిగింది. ముందు తల, తరవాత భుజం. ముఖం ఎడమకి తిరిగి, కుడి చెవి నా వైపు వచ్చి, గడ్డం దిగి, కళ్ళు మాత్రం నా మీదే, నా పెదవుల మీదే ఆగాయి. బ్రష్ చేతిలో అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఎరిగిన పిల్ల అదీ, ఇంతసేపూ బొమ్మలో లేనిదీ అదే.

తనకి ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. వాపు తగ్గింది, జ్వరం తగ్గింది, ఎడమ చెవికి వినికిడి మాత్రం పోయింది. గవదబిళ్ళలు తక్కువమందికే అయినా అలా ఒక చెవిని పూర్తిగా తీసుకుపోతాయని అప్పుడే మాకు తెలిసింది. మొదట్లో ఇంట్లో ఒకటే బాధ. తరవాత అలవాటైపోయింది. నడిచేటప్పుడు అందరం తనకి కుడి పక్కనే నడుస్తాం. నలుగురు కూర్చున్నచోట తను ఎడమ చివర కూర్చుంటుంది, అందరూ కుడివైపున ఉండేలా. ఎవరూ దాని గురించి మాట్లాడరు. అది మా ఒంట్లో ఇంకిపోయింది. నేను కూడా మర్చిపోయాను. పదహారేళ్ళుగా ఆ ముఖాన్ని, ఆ మెడని, ఆ చూపుని మలిచింది ఆ వాలు. దాన్నే నేను మూడు ఆదివారాలు పనిగట్టుకుని సరిచేశాను, 'తల తిన్నగా పెట్టు' అంటూ. నాకు ఏడుపొచ్చింది.

అడగకుండా వెయ్యకూడదు కదా. "ఇలా నువ్వు వినేటప్పుడు ఉండే ముఖం వెయ్యనా? నీకు ఇబ్బందైతే వద్దు" అన్నాను. కాసేపు ఆలోచించింది. "ఫోటోల్లో తల నేనే సరిచేసుకుంటాను పిన్నీ. ఎలా ఉంటానో నేనెప్పుడూ చూసుకోలేదు. వెయ్యి, బాగా లేకపోతే చెప్తాను" అంది.

రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆయిల్ రంగు నీళ్ళ రంగులా తడి ఆరిపోవడం వల్ల గట్టిపడదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని మెల్లగా బిగుస్తుంది. అంబర్ అనే గోధుమ మట్టిరంగు కలిసిన చోట తొందరగా, ఐవరీ బ్లాక్ ఉన్నచోట ఆలస్యంగా. పాలెట్ నైఫ్ తీసుకుని నుదుటి నుంచి గడ్డం దాకా గీకేశాను. తీగలు తీగలుగా వచ్చింది. చిత్రకారుడు ఫ్రాంక్ ఆవర్‌బాక్ (1931–2024) ప్రతి పూటా వేసింది గీకేసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవాడని, ఒక్కో బొమ్మకి నెలలూ ఏళ్ళూ పట్టేవని చదివినప్పుడు అది వ్రతంలా అనిపించేది. చేసి చూస్తే తెలిసింది, గీకినా పోనిదేదో కాన్వాస్ నేతలో మిగిలిపోతుంది. పొగలాంటి ముఖం ఒకటి నిలిచింది. దాని మీదే రెండోది మొదలుపెట్టాను.

(గీకిన రంగు తుడిచిన గుడ్డల గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేస్తే, నూనె గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక వాటంతటవే మండిపోవచ్చు. నీళ్ళలో తడిపి, మూతున్న రేకు డబ్బాలో పెట్టండి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు మరీనూ.)

ఈసారి పిల్లని కదలొద్దనలేదు. చిత్రకారుడు ఓస్కర్ కొకోష్కా (1886–1980) తన ఎదుట కూర్చున్నవాళ్ళని మాట్లాడనిచ్చేవాడు, తిరగనిచ్చేవాడు. నేనూ మాట్లాడుతూ పోయాను. బొగ్గుతో నిమిషానికి ఒకటి చొప్పున గీతలు గీశాను, ముప్పై దాకా. వాటిలో ఇరవై పనికిరావు. మిగతావన్నీ పేర్చి చూస్తే, ముఖం కన్నా ముందు మెడ మాట్లాడుతోంది. తల ఎడమకి తిరిగినప్పుడు కుడి చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా దిగే కండరం తాడులా లేస్తుంది. వినడం అనే పనంతా అక్కడుంది. దాన్ని మొదట వేశాను, అరంగుళం ఫ్లాట్ బ్రష్‌తో, ఒకే గుంజులో, బర్న్‌ట్ సియెన్నా మీద ఓకర్. ఆ ఒక్క గీత పడగానే నాకు ధైర్యం వచ్చింది.

కళ్ళకి రెండు ఆదివారాలు పట్టింది. మన కళ్ళలోకి చూసే మనిషి వేరు, మన పెదవుల్ని చూసే మనిషి వేరు. తేడా అంతా కలిపి బియ్యపుగింజంత. పైరెప్ప కొంచెం దిగి నల్లగుడ్డుని ఎక్కువ కప్పాలి. ముఖం ఒకవైపు, చూపు ఒకవైపు కాబట్టి నల్లగుడ్డు కన్ను మధ్యలో ఉండకూడదు, కుడి మూలకి జరగాలి. కంటి తెలుపు అసలు తెలుపే కాదు. పైరెప్ప నీడ పడి అది బూడిద రంగులో ఉంటుంది. దాన్ని తెల్లగా వేశారా, బెదిరిపోయిన కళ్ళొస్తాయి. తెలుపూ రా అంబరూ పిసరు నీలమూ కలిపి వేశాను. మెరుపు చుక్క ఒక్కటే, చిన్న బ్రష్ చివరతో, చివరి రోజున. మొదట ఆ చుక్క నడిమధ్య పెట్టాను, చూపు చటుక్కున నా కళ్ళలోకి వచ్చేసింది. చిటికెన వేలితో చెరిపి పైకి జరిపాను. మళ్ళీ నా పెదవుల దగ్గరికి దిగింది.

ఇక రంగులు. ఈసారి నాలుగు రంగుల కట్టుబాటు వదిలేశాను. 1905లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ తన భార్య ముఖం వేస్తూ నుదుటి నుంచి ముక్కు మీదుగా ఆకుపచ్చ పట్టీ ఒకటి దించాడు. ఇప్పుడు కోపెన్‌హేగన్ జాతీయ చిత్రశాలలో ఉంది ఆ బొమ్మ. అచ్చులో చూసిన మొదటిసారి అది నాకు అల్లరిగా తోచింది. చూడగా చూడగా ఆ పట్టీ ఎంత పని చేస్తోందో అర్థమైంది. ముఖంలో వెచ్చటి సగానికీ చల్లటి సగానికీ మధ్య అది గట్టులా నిలబడుతుంది. ముఖాన్ని వంకర తిప్పి, నాలుగు గాఢమైన రంగులు చల్లి భావచిత్రమంటే నాకు నచ్చదు. రంగు మారితే ఆ మనిషి గురించి ఏదో ఒకటి చెప్పాలి. నాకు చెప్పాల్సింది ఉంది. ఈ ముఖంలో శబ్దం వచ్చే వైపు ఒకటి, రాని వైపు ఒకటి ఉన్నాయి. కుడి బుగ్గ మీద కిటికీ వెలుగు పడుతుంది. అక్కడ రంగు దళసరిగా, నైఫ్‌తో, ఓకర్, కాడ్మియం రెడ్, తెలుపు, కలిసీ కలవకుండా పెట్టాను. ఎడమ వైపు విరిడియన్‌లో సియెన్నా కలిపిన ఆకుపచ్చ, నీళ్ళడుగు పాచిలా, పల్చగా, నిశ్శబ్దంగా.

ఎనిమిదో ఆదివారం చెడగొట్టుకున్నాను. ఉత్సాహంలో ఆ ఆకుపచ్చని దవడ దాకా లాగాను. మూడడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే దెబ్బ తగిలి కమిలినట్టుంది పిల్ల ముఖం. గుండె జారిపోయింది. పైన ఎరుపు వేసి సరిచేయబోతే అది కింది తడితో కలిసి బురదైంది. తడి మీద తడి వేసేటప్పుడు రెండు గుంజులు చాలు, మూడోది వేస్తే రంగు చచ్చిపోతుంది. తెలిసీ మూడోది వేశాను. దవడంతా తుడిచేసి, మూడు రోజులు ఆరనిచ్చి, నీడని బూడిద ఛాయకి తగ్గించాను. ఆకుపచ్చని కణత దగ్గరే ఆపాను. పక్కన వెచ్చటి రంగు ఉన్నందుకు ఆ బూడిద కూడా ఆకుపచ్చగానే కనిపించింది.

నోరు అయిదుసార్లు వేశాను. దాని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పెదవుల చివరలు గట్టిగా గీస్తే ముఖం బిగుసుకుంటుంది, వేలితో చెదరగొడితే ప్రాణం వస్తుంది. అయిదోసారి అలా వచ్చింది.

పాత తల తిన్నగా ఉండేది కదా, కొత్త తల వాలాక పాత గడ్డం గీత మెడ మీద మిగిలింది. దాన్ని పూర్తిగా కప్పలేదు. ఆయిల్ రంగు ఏళ్ళు గడిచేకొద్దీ కొంత పారదర్శకమవుతుంది. పాత చిత్రాల్లో చిత్రకారుడు మొదట వేసి మార్చుకున్న చెయ్యీ వేలూ శతాబ్దాల తరవాత నీడలా బయటపడటం అందుకే. నా బొమ్మలో ఆ గీత ఇప్పుడే కొంచెం కనపడుతోంది. తల తిన్నగా పెట్టమని నేను అన్న మాట అది, ఉండనివ్వాలనిపించింది.

పదో ఆదివారానికి బొమ్మ అయిపోయిందనుకున్నాను. కుడి చెవి నాకు చాలా ఇష్టంగా వచ్చింది. వెలుగు వెనక పక్క నుంచి చెవి పలచటి అంచులోకి దూరి నెత్తుటి రంగులో మెరుస్తుంది చూడండి, ఆ మెరుపు కోసం అలిజరిన్ అనే ముదురు ఎరుపు, నారింజ కలిపి ఒక్క గుంజులో వేశాను, మళ్ళీ ముట్టుకోలేదు. ఎడమ చెవిని మాత్రం జుట్టు నీడలో, వెనకటి చీకట్లో కలిపేశాను. నిజానికి ఆ కోణంలో దాని అంచు కొంచెం కనిపిస్తుంది. అయినా కలిపేశాను. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ముత్యపు కమ్మ అమ్మాయి బొమ్మలో ముక్కు దూలానికీ అవతలి బుగ్గకీ మధ్య గీతే లేదు. ఆ ముత్యానికి చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. చూసేవాళ్ళ కన్నే అవి పూరించుకుంటుంది. ఏది వదిలెయ్యాలో తెలియడంలోనే పనితనం ఉందని నేను నమ్ముతాను. వినపడని చెవి చీకట్లోకి వెళ్ళడం నాకు అర్థవంతంగా తోచింది. ఆ ఆలోచన వచ్చిన రోజు చాలా సంతోషపడ్డాను కూడా.

పిల్ల వచ్చి బొమ్మ ముందు నిలబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. మెల్లగా తన తల కూడా బొమ్మలో లాగే వాలింది. తనకి తెలియకుండానే. "ఇలా ఉంటానా నేను!" అంది. గొంతులో ఆశ్చర్యం, దాని వెనక ఇంకేదో. "అవతలివాళ్ళు చెప్పేది మొత్తం తాగేసేలా చూస్తున్నాను." తరవాత ముందుకు వంగింది. "ఈ చెవి ఏది పిన్నీ?"

నా ఆలోచన చెప్పాను. శ్రద్ధగా వింది. తల అడ్డంగా ఊపింది.

"వినపడదు గానీ, ఉంది కదా. చలేస్తే ఆ చెవికీ చలేస్తుంది. పెట్టు పిన్నీ."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ చెవిని చీకట్లో కలిపింది తన ముఖం చూసి కాదు, నాకొచ్చిన ఆలోచన చూసుకుని. మొదట తల తిన్నగా పెట్టమన్నదీ ఆ కళ్ళతోనే.

పదకొండో ఆదివారం మళ్ళీ సుద్ద గుర్తుల మీద కుర్చీ పెట్టాను. ఈసారి నేను ఏమీ మాట్లాడలేదు, పిల్లే మాట్లాడింది. ఏవో తన సంగతులు. నేను ఎడమ చెవినే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తమ్మె కుడిదాని కన్నా చిన్నది, కింద దవడకి అతుక్కుని ఉంది. అంచు మీద ఒకచోట చిన్న నొక్కు. నీడలో ఉన్నా దానికీ ఒక ఎరుపుంది, కిటికీ వైపు ఎరుపు కాదు, లోపల్నుంచి వచ్చే మగ్గిన ఎరుపు. రా అంబర్‌లో అలిజరిన్ కలిపి, చాలా పల్చగా, ముందు ఆ నొక్కు వేశాను. తరవాత తమ్మె. బ్రష్ పక్కన పెట్టి ఉంగరపు వేలితో జుట్టు వైపు ఒకసారి అద్దాను.

"అయిందా?" అంది పిల్ల, కుడి చెవి నా వైపు తిప్పి.

"అయింది."

దళసరి రంగు లోపలిదాకా గట్టిపడటానికి ఏడాది పట్టవచ్చు, వార్నిష్ అప్పుడే. బొమ్మని దుమ్ము పడకుండా గోడ వైపు తిప్పి పెట్టాను. వేలికి అంటిన ఆ ఎరుపు గోళ్ళ సందుల్లో రెండు రోజులు ఉంది.